అందరికీ తెలిసిన ఫైలు

"నేను నొక్కింది ఐదు. మీరు తిప్పి తిప్పి అడిగినా ఐదే" అంది పెద్ద సిస్టర్.

ఆవిడ గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. ఆ ఆసుపత్రి ఐసీయూకి ఆవిడ హెడ్ నర్సు. డాక్టర్లు కూడా ఆవిడ ఎదురొస్తే గొంతు తగ్గించి మాట్లాడతారని విన్నాను. అలాంటి మనిషిని నర్సులు బట్టలు మార్చుకునే గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, గుమ్మంలో మహిళా కానిస్టేబుల్‌ని నిలబెట్టారు. పేషెంటును చంపబోయిందని కేసు. సాయంత్రం కోర్టులో హాజరుపరుస్తారు. ఆ తర్వాత ఇన్నేళ్ల ఉద్యోగమూ, ఆ తెల్ల యూనిఫారమూ ఇక ఆవిడవి కావు. పొద్దున్నే ఆవిడ చెల్లెలు నా ఆఫీసుకొచ్చి, "మా అక్క తిడుతుంది గానీ చంపదండీ" అంటూ నా రెండు చేతులూ పట్టుకుంది. ప్రైవేట్ డిటెక్టివ్‌గా ఎందరి సాక్ష్యాలో విన్నాను గానీ, అంత నిజాయితీగల సాక్ష్యం ఎప్పుడూ వినలేదు.

"మొదట్నుంచీ చెప్పండి సిస్టర్."

"మూడో మంచం ఆయన. ఆసుపత్రుల్లో వాడే యంత్రాల్ని పరీక్ష చేసి సర్టిఫికెట్లిచ్చే ఆఫీసరు. మేమంతా టెస్టింగాయన అంటాం. ఆపరేషనయ్యాక బీపీ నిలబడటానికి డ్రిప్పులో మందు పెట్టాం. పంపు మీద నా కోడ్ కొట్టి, గంటకి ఐదు మిల్లీలీటర్లని నొక్కి, పక్క మంచం దగ్గరికెళ్లాను. తిరిగొచ్చేసరికి మందు జోరుగా పోతోంది. ట్యూబు మూసేశాను. అప్పటికే ఆయనకి స్పృహ లేదు."

"పంపు తెర మీద ఎంత ఉంది?"

"ఐదే ఉంది."

"కంప్యూటర్ రికార్డులో మాత్రం మీ కోడ్‌తో యాభై అని ఉంది."

"అదే కదమ్మా నా ఖర్మ!"

"తెర మీద ఐదుంటే, తేడా ఉందని మీకెలా తెలిసింది?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "తెరను చూసి నేను నర్సునవలేదు. బొట్టు చూసి అయ్యాను. ఐదు మీద పెడితే ఒక బొట్టు పడ్డాక ఇంకోటి పడేలోపు చార్టులో ఒక లైను రాసెయ్యొచ్చు. ఆ రోజు ఒకదాన్నొకటి తరుముకుంటూ పడుతున్నాయి."

"ఆ పొద్దున ఆయనతో గొడవపడ్డారట?"

"పడ్డాను. పడుకోకుండా పంపుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. ఈ కంపెనీ కొత్త మోడల్‌కి సంతకం పెట్టనన్నానమ్మా, పాతది ఎలా ఉందో చూస్తున్నా అన్నాడు. మీరిక్కడ పేషెంటు, నోరు మూసుకుని పడుకోండి అన్నాను. పేషెంట్లని తిట్టడం నేరమైతే నాకీపాటికి ఉరి పడేది."

నాకు నవ్వొచ్చింది. ఆవిడకు రాలేదు. లేవబోతుంటే నా కొంగు పట్టుకుని ఆపింది. "ఈ రోజు ఆయనకి మత్తు తగ్గిస్తున్నారు. లేస్తాడు. లేచేసరికి పక్కన తెలిసినవాళ్లుండాలి. ఆ కొత్త పిల్లని పెట్టారు, దానికింకా చెయ్యి తిరగలేదు" అంది. తను జైలుకెళ్లే రోజున కూడా ఆవిడ గుండె మూడో మంచం దగ్గరే ఉంది. నాకు ఆవిడ అబద్ధమాడటం లేదని అప్పుడే నమ్మకం కుదిరింది. అయితే నా నమ్మకం కోర్టుకి అక్కర్లేదు.

కారిడార్ చివర కంప్యూటర్ గది. వార్డులోని పంపులన్నీ అక్కడి సర్వర్‌కి కలిసి ఉంటాయి. గది ముందే ఎదురయ్యాడు సైబర్ విభాగం ఇన్‌స్పెక్టర్. మా వృత్తిలో అందరూ అతన్ని ఇస్త్రీ అంటారు. చొక్కా ఎంత ముడత పడకుండా చూసుకుంటాడో, కేసునూ అలాగే మడతపెట్టి ఫైలు చేస్తాడు. తెలివైనవాడే, తన తెలివి మీద తనకు అనుమానం లేకపోవడమే అతనితో చిక్కు.

"లాయర్ చేత అనుమతి తెప్పించుకున్నారట. చూసుకోండి. ఇలాంటి కేసు నాకు కొత్త కాదు. పోయినేడాది ఇంకో ఆసుపత్రిలో అచ్చం ఇలాగే, పంపులో ఎక్కువ మందు, నర్సు కోడ్. ఆ అమ్మాయీ తెర మీద సరిగ్గానే ఉందండీ అని ఒకటే ఏడుపు. శిక్ష పడింది" అన్నాడు ఇస్త్రీ.

"ఇద్దరు నర్సులు ఒకే మాట చెబితే మీకు అనుమానం రాలేదా?"

"ఇద్దరు దొంగలు ఒకే అబద్ధం చెప్పడం నేను రోజూ చూస్తుంటాను." నా వెనక్కి చూసి కనుబొమలెగరేశాడు. "ఏంటిది, కుటుంబ సమేతంగా వచ్చారా?"

నా వెనక మా వదిన వస్తోంది. ఒక చంకలో ల్యాప్‌టాప్, ఇంకో చంకలో దిండు, చేతిలో టీ ఫ్లాస్కు. మా అన్నయ్య భార్య. ప్రపంచంలో ఎవరు ఏ సాఫ్ట్‌వేర్ విడుదల చేసినా దాని ప్యాకేజీ తెప్పించి, అందులోని ప్రతి ఫైలునూ గుర్తుపట్టే వేలిముద్ర లాంటి హ్యాష్ తీసి దాచే లైబ్రరీలో సీనియర్ పరిశోధకురాలు. ఇంట్లో ఆవిడకీ నాకూ టీవీ రిమోట్ దగ్గర్నుంచి తగవే. కానీ ఆవిడ పనిలో కూర్చున్నప్పుడు మాత్రం నేను నోరు మెదపను, అక్కడ నాకు ఆవిడంటే భయభక్తులు.

"పోలీసు వాళ్ల కుర్చీలు గట్టిగా ఉంటాయి నాయనా, అందుకే దిండు తెచ్చుకున్నా" అంటూ వదిన లోపలికెళ్లి దిండు వేసుకుని కూర్చుంది. "మీ ఆఫీసులో వాడే హ్యాష్‌ల జాబితా వచ్చేది మా లైబ్రరీ నుంచే. వాడకం సరిగ్గా ఉందో లేదో చూసిపోదామని వచ్చాను."

గదిలో ఇంకో మనిషి ఉన్నాడు. పంపుల కంపెనీ తరఫు సర్వీసు ఇంజనీరు. ఎవరేమన్నా నవ్వుతూనే ఉంటాడని వార్డంతా అతనికి చిరునవ్వు అని పేరు పెట్టుకున్నారు. నాకు కుర్చీ లాగి వేసింది కూడా అతనే.

"ఈ గది తాళం మీ దగ్గరే ఉంటుందా?" అని అడిగాను.

"నా ఒక్కడి దగ్గరే మేడమ్. పాస్‌వర్డూ నాదే. ఆసుపత్రి వాళ్లెవరూ దీన్ని ముట్టుకోలేరు. మా మెషీన్‌లో తప్పుండే ఛాన్సే లేదు." నవ్వాడు.

"మూడో మంచం ఆయన మీ కొత్త మోడల్‌కి సంతకం పెట్టనన్నాడట?"

"పెద్ద పెద్ద ప్రాజెక్టుల్లో ఇలాంటివి మామూలే మేడమ్. ఆయన తొందరగా కోలుకోవాలని మేమంతా కోరుకుంటున్నాం." మళ్లీ నవ్వాడు. పెద్దాయన ప్రాణాపాయంలో ఉంటే అన్నిసార్లు నవ్వేవాణ్ణి నేను చూడలేదు.

ఇస్త్రీ గోడకానుకుని పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. "సర్వర్ డిస్కు కాపీ తీశాం. నాలుగు లక్షల పైన ఫైళ్లున్నాయి. అన్నిటికీ హ్యాష్ తీసి, మీ జాబితాతో సరిచూశాం. తెలిసిన సాఫ్ట్‌వేర్ల ఫైళ్లన్నీ పక్కకి పోయాయి. తెలియనివి కొద్దిగా మిగిలాయి. ఒక్కోటీ తెరిచి చూశాం. పేషెంట్ల వివరాలు, ప్రింటర్ సెట్టింగులు, ఎవరో దాచుకున్న పెళ్లి ఫొటోలు. వైరస్సు లేదు, మార్చిన ప్రోగ్రామూ లేదు. మెషీన్ క్లీన్ అని రాసిచ్చి, నిన్ననే సర్వర్‌ని మళ్లీ వార్డుకి కలిపించాం."

"బాగా చేశారు" అంది వదిన. మనస్ఫూర్తిగానే అంది. నాలుగు లక్షల ఫైళ్లు మనుషులు తెరిచి చూడాలంటే ఏళ్లు పడుతుంది.

"పేరు చూసి తెలిసిన ఫైలంటే సరిపోదా? ఈ హ్యాష్ ఎందుకు?" అన్నాను.

"దానికీ మన ఇన్‌స్పెక్టర్ గారి సాయమే కావాలి. నాయనా, నిన్న పత్రికలకిచ్చిన ప్రకటన ఉందా మీ దగ్గర?"

ఇస్త్రీ అయిష్టంగానే పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. 'నర్సు అరెస్టు' అని ఫైలు పేరు. వదిన మీట నొక్కింది. తెర మీద అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి వరస పడింది. "ఇది దీని హ్యాష్. ఫైల్లో ఉన్నదంతా ఒక లెక్కలో వేసి పిండితే వచ్చేది. ఇప్పుడు చూడు." ఆ ఫైలుకి 'క్షమాపణ' అని పేరు మార్చి మళ్లీ నొక్కింది. అదే వరస పడింది. "పేరు మార్చినంత మాత్రాన మీరు క్షమాపణ చెప్పినట్టు కాదు. లోపలున్నది అదే." తర్వాత ఆ ప్రకటన చివర ఒక్క ఫుల్‌స్టాప్ తీసేసి నొక్కింది. మొదటి వరసకీ దీనికీ పోలికే లేదు. "ఒక్క చుక్క తీస్తే మొత్తం మారిపోయింది. పేరు, తేదీ ఎవడైనా మార్చుకోగలడు. లోపలున్నదాన్ని మార్చి పాత హ్యాష్‌ని మాత్రం నిలుపుకోవడం మనిషన్నవాడి వల్ల కాదు."

ఈ గది గుమ్మంలో ఉన్న ఇంకో మహిళా కానిస్టేబుల్ ఫక్కున నవ్వింది. ఇస్త్రీ చెవులు ఎర్రబడ్డాయి.

"పాఠం బాగుందండి. కేసులో మార్పేముంది?" అన్నాడు.

"మీరు తెలిసినవన్నీ పక్కకి తోశామన్నారు. అవి ఎవరిగా తెలిసినవో చూశారా?"

"తెలిసినవంటే తెలిసినవే కదా!"

వదిన కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దించింది. ఇంట్లో ఆ పని చేసిందంటే మా అన్నయ్య లెక్కల్లో ఏదో తప్పు దొరికిందని అర్థం. "మా లైబ్రరీలో ప్రతి హ్యాష్ పక్కనా అది ఏ ప్యాకేజీ నుంచి వచ్చిందో, ఎన్నో ఎడిషనో, ఎవరు పంపారో ఉంటుంది. మేం చెప్పేది ఈ ఫైలు ఫలానా అని. మంచిదని మేమెప్పుడూ చెప్పలేదు నాయనా. వీధిలో మొహం తెలిసిన మనిషిని మన ఇంట్లో బీరువా దగ్గర చూస్తే ఊరుకుంటామా? మీవాళ్లు మొహం తెలుసు కదా అని వదిలేశారు."

అంటూనే ఇస్త్రీ బృందం పక్కకు తోసేసిన ఫైళ్లన్నిటినీ వెనక్కి పిలిచింది. ఒక్కోదాని పక్కన దాని ప్యాకేజీ పేరు వచ్చేలా చేసి, పంపుల్ని నడిపే ఫోల్డర్ తెరిచింది. వదిన వేళ్లు మీటల మీద పరిగెడుతుంటే చూడటం నాకెప్పుడూ సరదానే. పెదాలు కదిలిస్తూ, ఫైళ్లతోనే మాట్లాడుతూ పని చేస్తుంది.

"వీళ్లంతా ఒకే ఇంటి పిల్లలు. ఒకటే ఇంటిపేరు. పంపు ప్యాకేజీ, పంపు ప్యాకేజీ, పంపు ప్యాకేజీ. నువ్వూ వీళ్లవాడివే, కూర్చో. నువ్వూ కూర్చో." ఉన్నట్టుండి చెయ్యి ఆగింది. "నువ్వెవరి పిల్లాడివిరా?"

నేనూ ఇస్త్రీ ఒకేసారి తెర మీదకి వంగాం. మందు వేగాన్ని నియంత్రించే ఫైలు అది. పేరు అక్కడ ఉండాల్సిన పేరే. తేదీ కూడా ఉండాల్సిన తేదీయే. హ్యాష్ పక్కన మాత్రం వేరే ప్యాకేజీ పేరుంది.

"ఇది పంపు ప్యాకేజీది కాదు. అదే కంపెనీ తయారుచేసిన శిక్షణ కిట్‌ది. ఎవడో దీన్ని తెచ్చి, పేరు మార్చి, అసలుదాని చోట్లో కూర్చోబెట్టాడు. దొంగ ప్రోగ్రాం రాసి పెట్టుంటే మీవాళ్లు అప్పుడే పట్టేసేవారు. అందుకే అచ్చమైన ఫైలే పెట్టాడు. వాడెవడో గానీ, మీరు వెతికే పద్ధతి మీకంటే బాగా తెలిసినవాడు" అంది వదిన.

ఇస్త్రీ చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"శిక్షణ కిట్ ఏం చేస్తుంది వదినా?"

ఆవిడ ప్యాకేజీతో వచ్చిన వివరాలు తెరిచి చదివింది. చదువుతుంటే ఆవిడ గొంతులో వేళాకోళం పోయింది. "కొత్త నర్సులకి పరీక్ష పెట్టడానికి. ఉత్తి నీళ్ల బ్యాగుతో క్లాసులో వాడాలి. టీచరు ఇంకో కంప్యూటర్ దగ్గర కూర్చుని, నర్సు కోడ్‌తోనే ఒక తప్పు అంకె కొడతాడు. పంపు తెర మీద మాత్రం నర్సు పెట్టిన అంకే కనబడుతుంది. నర్సు తెరను నమ్మి ఊరుకుంటుందా, బొట్లు చూసి పట్టుకుంటుందా అని చూస్తారు."

తెర మీద ఐదు, రికార్డులో యాభై. పెద్ద సిస్టర్ చెప్పిన ప్రతి ముక్కా నిజం.

ఇస్త్రీ తేరుకున్నాడు. ఓటమిని అంత తొందరగా ఒప్పుకునే రకం కాదు. "ఒక్క నిమిషం. ఈ ఆసుపత్రిలో కొత్త నర్సులకి శిక్షణ ఇచ్చేదెవరో తెలుసా? మీ క్లయింటే! కిట్ డిస్కు ఆవిడ బీరువాలో ఉంది, సోదాలో నేనే చూశాను. మీరు నా కేసు ఇంకా గట్టి చేశారండి, థాంక్స్" అని కానిస్టేబుల్‌ని కేకేశాడు. "ఆవిణ్ణీ, ఆ డిస్కునీ తీసుకురా."

నేను గాభరాగా వదిన వైపు తిరిగాను. వదిన మాత్రం ఫ్లాస్కు మూతలో టీ వంచుకుంది.

పెద్ద సిస్టర్ వచ్చింది. జరిగింది విని, "నా బీరువాలోదే. నేనే పాఠాలు చెబుతాను. ఇందులో దాచడానికేముంది?" అని డిస్కు తానే అందించింది. వదిన ఆ డిస్కులోని అదే ఫైలుకి హ్యాష్ తీసి, సర్వర్లో దొరికినదాని కింద పెట్టింది. రెండు వరసలు. మొదటి అక్షరం దగ్గరే తేడా.

"ఇది మూడో ఎడిషన్. సర్వర్లోది ఐదో ఎడిషన్. ఇన్‌స్పెక్టర్ గారూ, ఐదోది ఇంకా ఏ ఆసుపత్రికీ ఇవ్వలేదు. కంపెనీ వాళ్లే మాకు పంపుతూ అలా రాశారు. వాళ్ల సొంత మనుషుల దగ్గర తప్ప బయటెక్కడా లేదు. ఈవిడ బీరువాలోంచి అది రావడానికి వీల్లేదు."

పెద్ద సిస్టర్ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. ఆవిడ కళ్లలో నీళ్లు నేను చూడటం అదే మొదటిసారి. నాకు లేచి వదినని కౌగిలించుకోవాలనిపించింది. ఇంట్లో ఇద్దరం ఎన్నిసార్లు తగువులాడుకున్నామో ఆ క్షణాన ఒక్కటీ గుర్తు రాలేదు. ఒక మనిషి బతుకుని నిలబెట్టడానికి ఆవిడకి కావలసింది ఒక దిండు, రెండు వరసల అక్షరాలు.

అప్పుడు నా బుర్రలో ఒక ప్రశ్న మెదిలింది. "వదినా, ఈ ఫైలుని పోలీసులు పక్కన పడేస్తారని వాడికి ముందే ఎలా తెలిసింది? నీ లైబ్రరీలో ఉందో లేదో చూసుకోకుండా ఇంత సాహసం చెయ్యడు. ఈ హ్యాష్ గురించి మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

వదిన నా వైపు తిరిగి ముచ్చటగా చూసింది. "ఇన్నాళ్లకి మా ఇంటి ఆడపడుచువనిపించావు" అని లైబ్రరీకి ఫోన్ చేసింది. వింటూ ఉంది. ఊఁ కొట్టింది. పెట్టేసింది.

"ఒకే ఒక్కసారి అడిగారు. టెస్టింగాయన స్పృహ తప్పడానికి ముందు రోజు. ఈ ఒక్క ఫైలు గురించే. పంపుల కంపెనీ సర్వీసు విభాగం లాగిన్ నుంచి. సొంత కంపెనీ ఫైలు ఎవరిదని మా దగ్గరికొచ్చి అడగాల్సిన అవసరం ఎవరికుంటుంది?"

'తాళం నా ఒక్కడి దగ్గరే మేడమ్. పాస్‌వర్డూ నాదే.' చిరునవ్వు అన్న మాటలు నాకు గుర్తొచ్చాయి.

అందరం ఒకేసారి తలుపు వైపు తిరిగాం. చిరునవ్వు కూర్చున్న కుర్చీ ఖాళీగా ఉంది.

"ఎప్పుడెళ్లాడు?" అన్నాడు ఇస్త్రీ.

"శిక్షణ కిట్ అన్న మాట వినగానే ఫోన్ చెవికి పెట్టుకుని బయటికెళ్లాడు సార్" అంది కానిస్టేబుల్. "ఫోన్ మోగడం మాత్రం నేను వినలేదు."

ఇస్త్రీ మొహంలో రంగు దిగిపోయింది. "సర్వర్... వార్డుకి కలిపే ఉంది."

ఆ మాట పూర్తయ్యేలోపే పెద్ద సిస్టర్ లేచి పరుగందుకుంది. కానిస్టేబుల్ అలవాటుగా ఆవిడ జబ్బ పట్టుకోబోయింది. "వదిలెయ్!" అని ఇస్త్రీ అరిచిన అరుపుకి కారిడార్ మొత్తం ఉలిక్కిపడింది. ఆ వయసులో ఆవిడ అంత వేగంగా పరిగెడుతుందని నేననుకోలేదు. నేనూ ఇస్త్రీ వెనకబడ్డాం.

మూడో మంచం దగ్గర కొత్త నర్సు పంపు తెర మీంచి చూపు తిప్పకుండా కూర్చుని ఉంది. "ఐదే ఉంది సిస్టర్, ఇప్పుడే చూశాను" అంటూ లేచింది. తెర మీద నిజంగానే ఐదుంది. పెద్ద సిస్టర్ తెర వైపు చూడనే లేదు. తలెత్తి పైన ట్యూబులోకి చూసింది. అక్కడ బొట్లు లేవు, సన్నటి ధార పోతోంది. ఆవిడ బొటనవేలు ట్యూబుకున్న చిన్న చక్రం మీద పడింది. ఒక్క తోపుతో మూసేసింది. ధార తెగింది. పంపు కుయ్యిమని మొరాయించింది.

"గుడ్లప్పగించి చూస్తారేం? డాక్టర్ని పిలవండి! నువ్వు, కొత్త సెట్ తే. నువ్వు ఆ పంపు వైర్లు పీకు" అంది. రెండో నువ్వు ఇన్‌స్పెక్టర్. అతను మారు మాట్లాడకుండా వంగి గోడలోంచి వైర్లు పీకాడు. చొక్కా మోచేతి దగ్గర నలిగింది.

డాక్టర్ పరుగున వచ్చాడు. పేషెంటు చెయ్యి పట్టుకుని, మానిటర్ చూసి, "ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు" అన్నాడు. టెస్టింగాయన రెప్పలు అదిరాయి. సగం తెరుచుకున్న కళ్లు పెద్ద సిస్టర్ని వెతుక్కున్నాయి. "పడుకోండి" అంది ఆవిడ, ఈసారి మెల్లగా.

టీచరు కూర్చుని కిట్ నడిపే చోటు కింది అంతస్తులోని శిక్షణ గది. నేనూ ఇస్త్రీ వెళ్లేసరికి చిరునవ్వు వెనక కిటికీ గొళ్లెంతో కుస్తీ పడుతున్నాడు. ఇస్త్రీ అతని కాలరు పట్టుకుని కుర్చీలో కుదేశాడు. చూస్తే ఆ మొహం మీద ఇప్పుడు నవ్వు లేదు, నవ్వు లేకపోతే ఎవరో వేరే మనిషిలా ఉన్నాడు. తను దొరికిపోయానని తెలిశాక కూడా ఆ పెద్దాయన్ని చంపబోయాడంటే, కొత్త మోడల్‌కి ఆయన సంతకం పెట్టకపోవడం వెనక ఉన్నది వీడి ఒక్కడి మెడకు మించిన విషయమే అయ్యుండాలి.

"ఎవరు చెయ్యమన్నారు?" అన్నాను. తల దించుకుని నేల చూశాడు.

బల్ల మీద అతని ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. అప్పటికి వదిన ఆయాసపడుతూ వచ్చింది, ఆ తొందరలో దిండు కూడా చంకలోనే తెచ్చింది. పెద్ద సిస్టర్ కూడా వచ్చింది, చేతులు తుడుచుకుంటూ. వదిన ముందుగా ఆ కిట్ ఫైలుకి హ్యాష్ తీసి సరిచూసింది. అదే వరస. అప్పుడు కిట్ ప్రోగ్రాంని తెర మీదకి తెచ్చింది.

"అయ్యో పిచ్చివాడా" అంది. "ఇది పరీక్ష పెట్టే ప్రోగ్రాం కదా. పెట్టిన ప్రతి పరీక్షకీ ఇదే మార్కులు వేసుకుంటుంది. ఆ సంగతి ఇతగాడికి తట్టలేదు."

తెర మీద ఫలితాలు. ఇవాళ్టిది పైన. మూడో మంచం, కొత్త నర్సు కోడ్, తప్పు అంకె, ట్యూబు మూసిన సమయం. పాస్. దాని కింద మొన్నటిది. అదే మంచం, పెద్ద సిస్టర్ కోడ్, యాభై. పాస్. ఆవిణ్ణి జైలుకి పంపడానికి పన్నిన ప్రోగ్రామే, ఆవిడ తప్పు పట్టుకుందని, ట్యూబు మూసిందని సాక్ష్యం రాసి పెట్టింది. నాకు గట్టిగా నవ్వాలనిపించింది. పెద్ద సిస్టర్ వైపు తిరిగాను.

ఆవిడ నవ్వడం లేదు. ఆవిడ చూపు ఆ రెండు వరసల కింద ఉంది. అక్కడ మూడో వరస ఒకటుంది. వేరే ఆసుపత్రి. వేరే నర్సు కోడ్. పోయినేడాది తేదీ.

ఫెయిల్.

"ఈ అమ్మాయి తెరను నమ్మింది" అంది పెద్ద సిస్టర్. "తను నొక్కిన అంకె అక్కడ కనబడుతుంటే ఎవరైనా నమ్ముతారు. ఇప్పుడెక్కడుంది ఈ పిల్ల?"

ఇస్త్రీ గొంతు వినబడింది. అంత నీరసమైన గొంతు అతనిదేనా అని నేను తిరిగి చూడాల్సి వచ్చింది.

"జైల్లో ఉంది" అన్నాడు. "అప్పుడూ మెషీన్ క్లీన్ అని రాసిచ్చింది నేనే."